ముప్పై ఐరన్లా, ఆరు స్టేషన్లా?

లెక్చరర్: మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో సోల్డరింగ్ టేబుళ్ళకని ఈసారి 75 వేలు శాంక్షన్ అయ్యాయి. బ్యాచ్‌కి 30 మంది. ఆరు మంచి టెంపరేచర్ కంట్రోల్డ్ స్టేషన్లు కొనాలని నా పట్టుదల. హక్కో ఎఫ్‌ఎక్స్-888డి లాంటిది ఒక్కోటి 12 వేల దాకా పడుతుంది. ఏటా చేసినట్టే మళ్ళీ 25 వాట్ల ఐరన్లు ఓ పెట్టెడు తెచ్చి పడేస్తే పిల్లలకి మనం కొత్తగా నేర్పేది ఏమీ ఉండదు.

మెకానిక్: 30 మందికి ఆరంటే ఒకడు చేస్తుంటే నలుగురు చూస్తూ నిలబడాలి సార్. ఈ పని చూస్తే వచ్చేది కాదు. మామూలు ఐరన్ 300. అందరికీ తలా ఒకటి కొన్నా 9 వేలు. మిగిలిన డబ్బుతో మంచి లెడ్డు, అదే సోల్డర్ తీగ, ఫ్లక్స్, పంపులు, మల్టీమీటర్లు, బస్తాల కొద్దీ స్క్రాప్ బోర్డులు కొనిపెట్టండి. ఏడాది తిరిగేసరికి ప్రతివాడి చేతి మీదుగా వందల జాయింట్లు పడతాయి. చెయ్యి తిరగడమంటే అదే.

లెక్చరర్: ఆ వందలూ తప్పుగా పడితే? అన్నా, మీకు అలవాటు కాబట్టి లెడ్డు కరిగే తీరు చూసి ఐరన్ ఎంత కాలి ఉందో చెప్పేస్తారు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి అదెలా తెలుస్తుంది? ఆ ఐరన్‌లో ఉన్నది ఒక తీగచుట్ట, అంతే. కరెంటు ఇచ్చినంతసేపూ కాలుతూనే ఉంటుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. లోపల పుట్టే వేడీ గాలిలోకి పోయే వేడీ సమానమైన చోట నిలబడుతుంది. స్టాండులో ఊరికే ఉంటే కొన్ని 400 డిగ్రీలు దాటిపోతాయి, పెద్ద జాయింట్ మీద ఆనించగానే చల్లబడిపోతాయి. పైగా మన కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. వోల్టేజి పడితే పవర్ దాని వర్గంతో పడుతుంది. 230 వోల్టుల దగ్గర 25 వాట్లిచ్చే ఐరన్ 180 దగ్గర దాదాపు 15 వాట్లే ఇస్తుంది. ఎండాకాలం సాయంత్రం లోవోల్టేజిలో చేసినవాడికి ఒకలా, మర్నాడు పొద్దున చేసినవాడికి ఇంకోలా ఉంటుంది. జాయింట్ చెడితే తప్పు తనదో ఐరన్‌దో తేల్చుకోలేడు. పని వచ్చినవాడు ఏ పనిముట్టుతోనైనా నెట్టుకొస్తాడు. మంచి పనిముట్టు కావలసింది పని రానివాడికే.

మెకానిక్: వోల్టేజి మాట నిజమే. నా షాపులో ఐరన్ స్టెబిలైజర్ మీద నడుస్తుంది. ఊరికే ఉన్నప్పుడు మరీ కాలకుండా ఉండటానికి మాకు ఎప్పటినుంచో ఒక ఉపాయం ఉంది. స్టాండులో ఒక స్విచ్, ఆ స్విచ్‌కి పక్కగా 1ఎన్4007 డయోడ్. ఐరన్ స్టాండు మీద పెట్టగానే బరువుకి స్విచ్ తెరుచుకుని కరెంటు డయోడ్ గుండా పోతుంది, అంటే సగం సైకిలే. పవర్ సగానికి దిగుతుంది. చేతిలోకి తీసుకోగానే మళ్ళీ పూర్తిగా వస్తుంది. మీ స్టేషన్‌లో స్లీప్ అని రాసి ఉన్నది చేసే పనికి ఇది దగ్గరి చుట్టమే. దాన్ని మీ పిల్లలతోనే చేయించండి, అదో ప్రాక్టికల్ అవుతుంది.

కానీ నా అభ్యంతరం అది కాదు సార్. స్క్రీన్ మీద అంకె చూసి పని చేసేవాడు లెడ్డు వంక చూడడు. జాయింట్ ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూడండి. బిట్ చివర ఒక చుక్క లెడ్డు తీసుకుని, ప్యాడూ కాలూ కలిసే మూలలో ఆనించాలి. ఆ తడి చుక్క ద్వారానే వేడి రెండిటికీ పాకుతుంది. అప్పుడు లెడ్డు తీగని బిట్‌కి కాకుండా అవతలి వైపు నుంచి కాలికి తగిలించాలి. ముందు సన్నగా ఫ్లక్స్ పొగ లేస్తుంది. ముద్దలా నిలబడ్డ లెడ్డు ఉన్నట్టుండి చదునై, కాలి చుట్టూ జారి, ప్యాడ్ అంచుదాకా పల్చగా పాకి అతుక్కుంటుంది. ఆ క్షణంలో ముందు తీగ తీసెయ్యాలి, తర్వాత బిట్. గట్టిపడేదాకా బోర్డు కదపకూడదు. అంతా కలిపి రెండు మూడు సెకన్లు. లెడ్డు జారే ఆ క్షణాన్ని కంటితో పట్టుకోవడమే ఈ విద్య. దానికి డిస్‌ప్లే అక్కర్లేదు.

లెక్చరర్: ఆ రెండు మూడు సెకన్ల మీదే నా వాదనంతా నిలబడి ఉంది. సింగిల్ సైడ్ బోర్డు మీద పావు వాట్ రెసిస్టర్ కాలికి మీ 25 వాట్లు చాలు. ఇప్పుడు నాలుగు లేయర్ల బోర్డు తీసుకోండి. కనెక్టర్ గ్రౌండ్ పిన్ను లోపలి రాగి పొరకి కలిసి ఉంటుంది. డిజైన్ చేసినవాడు ఆ పిన్ను చుట్టూ రాగిని కోసి నాలుగు సన్నటి వారధులు మాత్రం వదిలితే కాస్త నయం, వదలకపోతే బోర్డంత రాగి మీరు పెట్టిన వేడిని లాగేసుకుంటుంది. మామూలు ఐరన్ ఆనించి పది సెకన్లు ఆగినా లెడ్డు ముద్దగానే నిలబడుతుంది. కుర్రాడు ఏం చేస్తాడు? గట్టిగా నొక్కుతాడు, బిట్‌తో గోకుతాడు. ప్యాడ్ కింద జిగురు వదిలేసి ప్యాడ్ లేచిపోతుంది. లెడ్డు జారే క్షణం కనిపెట్టమని మీరంటున్నారు, అసలా క్షణమే రాని బోర్డు మీద వాడు ఏం నేర్చుకుంటాడు?

స్టేషన్‌కి 70 వాట్లు అంటే ఎప్పుడూ 70 వాట్లు కుమ్మరిస్తుందని కాదు. 350 డిగ్రీల దగ్గర ఊరికే నిలబడటానికి దానికి కొద్ది పవర్ చాలు. మిగతాదంతా చేతిలో ఉంచుకుని, బిట్ చల్లబడుతోందని సెన్సర్ చెప్పగానే వదులుతుంది. డబ్బు పెట్టేది అంకె కోసం కాదు, పోయిన వేడి ఎంత త్వరగా తిరిగొస్తుందన్న దాని కోసం. అది బాగున్న స్టేషన్‌తో పెద్ద గ్రౌండ్ పిన్నుకీ 350 సరిపోతుంది. బాగాలేనిదానితో 420కి పెంచుకుని పక్క భాగాల్ని కాల్చుకోవాల్సి వస్తుంది.

మెకానిక్: గ్రౌండ్ కాళ్ళ దగ్గర 25 వాట్లు చాలదు, అది కాదనను. నేను అక్కడ 60 వాట్లది తీస్తాను. ఇన్వర్టర్ బోర్డుల్లో మాస్‌ఫెట్‌ల వరస మారుస్తున్నప్పుడు కింద నుంచి బ్లోయర్‌తో బోర్డు వెచ్చబెట్టి పైనుంచి ఐరన్ పెడతాను. సన్న పనికి ఒకటి, మోటు పనికి ఒకటి. రెండూ కలిపినా వెయ్యి రూపాయలు కావు.

లెక్చరర్: సీసం లేని సోల్డర్‌కి?

మెకానిక్: దానికీ దారి ఉంది. పాత జాయింట్‌కి ఫ్లక్స్ పూసి, మన 63/37 లెడ్డు కొంచెం కలిపితే కరిగే వేడి దిగొస్తుంది. తర్వాత విక్‌తో అంతా లాగేసి కొత్తగా పెట్టుకోవడం. ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళందరికీ ఇది తెలుసు.

లెక్చరర్: రిపేరుకి అది మంచి ఉపాయమే. కానీ తయారీలో అలా కుదరదు. 2006 జూలై 1 నుంచి యూరప్‌లో అమ్మే సరుకులో సీసం మీద ఆంక్ష ఉంది. మన ఈ-వేస్ట్ నిబంధనలు కూడా చాలా రకాల పరికరాల్లో సీసాన్ని 0.1 శాతానికి మించనివ్వవు. 63/37 తగరం-సీసం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్యాక్టరీల్లో వాడే ఎస్‌ఏసీ305, అంటే తగరంలో 3 శాతం వెండి, అర శాతం రాగి కలిపింది, 217 నుంచి 220 మధ్య కరుగుతుంది. ఆ 34 డిగ్రీల తేడాతో మీరు చేతితో కనిపెట్టే వీలు బాగా తగ్గిపోతుంది. తక్కువైతే పాకదు, ఎక్కువైతే ప్యాడ్ పోతుంది. పైగా దాని జాయింట్ మంచిదైనా 63/37 అంత మెరవదు. మెరుపు చూసి మంచీ చెడూ చెప్పే మీ పాఠం అక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

మెకానిక్: ఆ చివరి మాట బాగా చెప్పారు. మసగ్గా ఉంటే డ్రై సోల్డర్ అనే మా వాళ్ళంతా అంటారు. టీవీల కాలంలో అది సరిపోయింది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వస్తే వెనక మూత తీసి ముందు ఎల్‌ఓటీ, అంటే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, కాళ్ళ చుట్టూ భూతద్దంతో చూసేవాళ్ళం. వేడికీ చల్లదనానికీ సాగి కుంచించుకుని, కాలి చుట్టూ వెంట్రుకంత ఉంగరంలా పగులు కనిపించేది. మళ్ళీ కరిగించి కొత్త లెడ్డు పెడితే టీవీ పలికేది. ఇప్పటి బోర్డులకి పాకిన తీరు చూడాలి, మెరుపు కాదు. సరే, ఒప్పుకున్నాను. అయినా మొదటి ఏడాది కుర్రాడికి నాలుగు లేయర్ల బోర్డూ, ఎస్‌ఏసీ305ఊ ఎందుకు సార్? ముందు సింగిల్ సైడ్ మీద 63/37తో చెయ్యి కుదరనివ్వండి.

లెక్చరర్: మొదటి ఏడాది అలా కుదిరిన చెయ్యి ఆ అలవాట్లనే మూడో ఏడాదిదాకా లాక్కొస్తుంది. ఇంకోటి, ఎర్త్. మా ల్యాబ్‌లో ఉన్న ఐరన్లు చాలావరకు రెండు పిన్నులవే. బిట్ మీద టెస్టర్ పెడితే వెలుగుతుంది. మాస్‌ఫెట్ గేటు మామూలుగా 20 వోల్టులకి మించి ఓర్చుకోదు. దాని దగ్గరికి ఆ బిట్ తీసుకెళ్ళడమేమిటి? అప్పటికప్పుడు పోయిందా బెంగలేదు, మార్చేస్తాం. సగం దెబ్బతిని ఆర్నెల్ల తర్వాత పోతే కారణం ఎవరికీ తెలియదు. మంచి స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్‌ని వేరుచేస్తుంది, హ్యాండిల్‌కి పోయేది 24 వోల్టుల చుట్టుపక్కలే, బిట్ మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటుంది.

మెకానిక్: మూడు పిన్నుల ఐరన్ కూడా దొరుకుతుంది సార్, కాస్త ఎక్కువ. ఆ మాత్రం కొనేటప్పుడు అడగాలి. ఇంకో సంగతి చెబుతాను, స్టేషన్ అన్నంతమాత్రాన ఎర్త్ ఉంటుందని అనుకోకండి. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ దొరికే చవకరకం స్టేషన్లు విప్పి చూశాను. కొన్నిట్లో మూడు పిన్నుల వైరు బాక్సు దాకా వస్తుంది, లోపల పచ్చ వైరు దేనికీ కలపరు. కొన్నిట్లో కలిపింది రంగు పూసిన రేకుకి, రంగు గోకకుండా. లోపల ఎస్‌ఎంపీఎస్ ఉంటే దాని వై-కెపాసిటర్ గుండా బిట్ మీద సగం మెయిన్స్ తేలుతూ ఉంటుంది. ఇప్పుడు కుర్రాళ్ళు ఇష్టపడే యూఎస్‌బీ-సీ ఐరన్లున్నాయి కదా, పైన్‌సిల్ లాంటివి. పనితనంలో వాటికి వంక పెట్టలేను. కానీ రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ మీద నడిపితే వాటికీ ఇదే జబ్బు. ఎర్త్ వైరు విడిగా తగిలించుకోవాలి.

లెక్చరర్: అందుకే ఆ మధ్యరకం నాకు వద్దు. హక్కో పాత 936కి నకళ్ళు రెండు వేలకే వస్తాయి, 30 మందికీ తలా ఒకటి వస్తుంది కదా అని మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరన్నారు. వాటిలో హీటరూ సెన్సరూ ఒక పింగాణీ కడ్డీలో ఉంటాయి, బిట్ దాని మీద తొడుగులా కూర్చుంటుంది. అసలుదానిలో ఆ రెండిటి మధ్య సందు ఇంతే ఉండాలని లెక్క. నకలు బిట్ వదులుగా కూర్చుంటే సందులో గాలి నిండుతుంది, డిస్‌ప్లే 350 అంటుంది, బిట్ చివర అంతకు బాగా తక్కువ ఉంటుంది. అబద్ధం చెప్పే అంకె కంటే మీ అంకె లేని ఐరనే నయం.

మెకానిక్: చూశారా, ఇందాకటి నుంచి నేను అంటున్నది అదే!

లెక్చరర్: కాదన్నా. అంకె నిజం చెప్పేదాన్ని కొనమనే నేను అంటున్నాను. టీ12 రకం బిట్లు చూడండి, హక్కో ఎఫ్‌ఎక్స్-951లో వాడేవి. హీటరూ థర్మోకపులూ బిట్ లోపలే, కొనకి దగ్గరగా ఉంటాయి. జేబీసీ సీ245ల్లోనూ అంతే. వేడి పడిపోయిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళితే వెల్లర్ మ్యాగ్నస్టాట్ అని ఉంది, దానికి తిప్పే నాబే లేదు. బిట్ వెనకనున్న చిన్న లోహపు ముక్క ఒక వేడికి చేరగానే అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది, స్విచ్ విడిపోతుంది. చల్లబడగానే గుణం తిరిగొచ్చి స్విచ్ కలుస్తుంది. 7 నంబరు బిట్ అంటే 700 ఫారెన్‌హీట్, అంటే 370 డిగ్రీలు. కుర్రాడు తిప్పి చెడగొట్టడానికి అందులో ఏమీ లేదు. పిల్లలకి ఫిజిక్స్ పాఠం కూడా అయిపోతుంది.

మెకానిక్: నాబ్ మాట ఎత్తారు గనక అడుగుతాను. మీ ల్యాబ్‌లో స్టేషన్ పెట్టిన వారానికి ఆ అంకె ఎంత మీద ఉంటుందో చెప్పమంటారా? 450. లెడ్డు కరగలేదా, పెంచు. ఇంకా కరగలేదా, ఇంకా పెంచు. కరగనిది వేడి చాలక కాదు, బిట్ నల్లబడి. నల్లబడిన బిట్ చివర లెడ్డు నిలవదు, నిలవకపోతే వేడి దిగదు. వేడి పెంచినకొద్దీ ఇంకా నల్లబడుతుంది. 12 వేల స్టేషన్ని వారంలో మూడొందల ఐరన్ చేసేస్తారు.

లెక్చరర్: అది జరుగుతుంది. నా కళ్ళముందే జరిగింది, వేరే ల్యాబ్‌లో. 888డికి పాస్‌వర్డ్ పెట్టి లాక్ చెయ్యొచ్చు కాబట్టి 350 దగ్గర బిగించేస్తాను. కానీ బిట్‌ని చూసుకోవడం లాక్‌తో రాదు, అది నేర్పాలి. ఇక్కడ మీ పాత అలవాటు ఒకటి పిల్లల్లోకి రాకూడదన్నా, ఆకురాయి.

మెకానిక్: మా రాగి బిట్‌కి ఆకురాయి పెట్టకుండా ఎలా? కరిగిన తగరం రాగిని తినేస్తుంది. కొన్నాళ్ళకి మొన గుంట పడుతుంది, రాకి మళ్ళీ మొన తేలుస్తాం. అలా తినకుండా ఉండాలనే ఎర్సిన్ మల్టీకోర్ వాళ్ళు సావ్‌బిట్ అని రాగి కలిపిన లెడ్డే తయారుచేశారు.

లెక్చరర్: స్టేషన్ బిట్ అలాంటిది కాదు. లోపల రాగి, పైన ఇనుప పూత, పనిచేసే చోటు తప్ప మిగతాచోట క్రోమ్. తగరం తినకుండా కాపాడేది ఆ ఇనుప పూతే. ఒక్కసారి ఆకురాయో ఎమరీ కాగితమో పెడితే పూత తెగుతుంది, ఆ గీత దగ్గర్నుంచి లోపలి రాగి కరిగిపోయి బిట్ గుల్లవుతుంది. నల్లబడితే ఇత్తడి పీచులో పొడిచి, వెంటనే కొత్త లెడ్డు పూయాలి. తడి స్పాంజి వాడితే నీళ్ళు కారకుండా పిండి వాడాలి. పని ముగించాక తుడిచి పెట్టెయ్యకూడదు, బిట్ చివర ముద్దగా లెడ్డు ఉంచి స్విచ్ కట్టెయ్యాలి. ఆ లెడ్డే గాలి తగలకుండా కాపాడుతుంది. ఇంకోటి, కొత్తగా కొన్న ప్రతివాడూ చేసేది, సన్న పని అనగానే సూదిమొన బిట్ ఎంచుకుంటాడు. సూదిమొన జాయింట్‌ని తాకేది ఆవగింజంత మేర, వేడి ఎటు దిగుతుంది? 2.4 మిల్లీమీటర్ల ఉలిమొన, హక్కో లెక్కలో డి24, ల్యాబ్‌లో పనులు ముప్పాతిక వంతు చేసిపెడుతుంది. ఐసీ కాళ్ళ వరస లాగడానికి కత్తిమొన. అందుకే స్టేషన్ కొనేముందు ఆ స్టేషన్‌కి ఏ బిట్లు దొరుకుతాయి, ఎన్నాళ్ళు దొరుకుతాయి అని చూడాలి. బాక్సు పదేళ్ళుంటుంది, బిట్లు అరుగుతాయి.

మెకానిక్: బిట్లు సరే. హ్యాండిల్ కిందపడి లోపలి పింగాణీ పగిలితే? నా ఐరన్‌లో ఎలిమెంట్ పోతే నేనే మార్చుకుంటాను. మండలంలో షాపు పెట్టుకున్న కుర్రాడు అసలు విడిభాగం కోసం కొరియర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. వాడి దగ్గర పది వేలుంటే నేను స్టేషన్ కొనమనను. మంచి మీటర్, కరెంటు కంట్రోల్ ఉన్న పవర్ సప్లై, బ్లోయర్ కొనమంటాను. జబ్బు కనిపెట్టేది మీటర్. ఐరన్ మందు వేసేదే.

లెక్చరర్: షాపు పెట్టుకునేవాడికి మీ వరసే సరైంది, దానికి ఎదురు చెప్పలేను. కానీ నా పిల్లలందరూ షాపు పెట్టరు. కొందరు శ్రీసిటీకో హైదరాబాద్ చుట్టుపక్కలకో బోర్డులు తయారుచేసే చోటికి వెళతారు. అక్కడ ఐపీసీ-ఏ-610 అనే ప్రమాణం ప్రకారం జాయింట్ చూస్తారు. లెడ్డు ఎంత పైకి పాకింది, రంధ్రంలో ఎంత నిండింది, ప్యాడ్ లేచిందా అని. డబ్బున్న కాలేజీలో చదివిన కుర్రాడు అక్కడ స్టేషన్ ముందు మామూలుగా కూర్చుంటాడు. మావాడు దాన్ని ముట్టుకోవడానికి భయపడతాడు. గవర్నమెంట్ పాలిటెక్నిక్ అనగానే చవకరకంతో సరిపెట్టడం నాకు కడుపు మండే విషయం. రైతు పిల్లాడికీ కూలీ పిల్లాడికీ ఏది నేర్పినా రెండో రకమే ఎందుకు నేర్పాలి?

మెకానిక్: మీ మంట నాకు అర్థమవుతుంది సార్. నేనూ అలాంటి ఇంటినుంచే వచ్చాను. అందుకే అడుగుతున్నాను. మీ కుర్రాడు సెలవులకి ఊరికి వెళతాడు. పక్కింటివాళ్ళ మిక్సీయో, వాళ్ళ నాన్న మోటారు స్టార్టరో, ఎమర్జెన్సీ లైటో చేతికిస్తారు. అప్పుడు వాడి దగ్గర ఉండేది ఏది? మూడొందల ఐరనే. మీ ల్యాబ్‌లో స్టేషన్ మీద నేర్చినవాడు, ఇంట్లో స్టేషన్ లేదు కాబట్టి నావల్ల కాదంటాడు. ఐరన్ మీద నేర్చినవాడు ఆ పూటే చేసిపెడతాడు, చేసినకొద్దీ వాడి చెయ్యి పెరుగుతుంది. ల్యాబ్‌లో వారానికి మూడు గంటలు. మిగతా వారమంతా వాడి చేతికి పని పెట్టేది వాడు సొంతంగా కొనుక్కోగలిగిన పనిముట్టు. దానితో శుభ్రంగా పని చెయ్యడం నేర్పడం రెండో రకం చదువు ఎలా అవుతుంది?

లెక్చరర్: అది బలమైన మాట. నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం అంటాను. మంచి జాయింట్ పడేటప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చేతికి తెలిస్తే, నాసిరకం ఐరన్‌తోనూ దాన్ని రాబట్టాలని చూస్తాడు. అసలు తెలియకపోతే ప్యాడ్ మీద నిలబడ్డ ముద్దనే జాయింట్ అనుకుంటాడు. పాట నేర్చుకునేవాడికి శ్రుతి కుదిరిన తంబురా ముందు వినిపించాలి కదా.

మెకానిక్: వినిపించండి, కాదనను. ఒకటో రెండో స్టేషన్లు పెట్టండి, మిగతావి ఐరన్లు.

లెక్చరర్: రెండు కొంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి బీరువాలో పెడతారు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు బయటికి తీస్తారు. ఆరుంటే తప్పనిసరిగా టేబుళ్ళ మీదికి రావాలి.

మెకానిక్: మీరున్నంతకాలం వస్తాయి. మీకు ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఆరూ బీరువాలోకే పోతాయి. 12 వేల వస్తువు పోతే జీతంలో కోస్తారని అటెండర్‌కీ భయమే, హెచ్‌ఓడీకీ భయమే. మూడొందల ఐరన్‌ని ఎవరూ దాచిపెట్టరు. పోయినా, కాలినా, పిల్లలు ఇంటికి పట్టుకుపోయినా ఎవరి కొంపా మునగదు. పిల్లలు భయం లేకుండా పాడుచేసుకోగల వస్తువు మీదే పని వస్తుంది.

లెక్చరర్: టెండర్ భయం కూడా ఉంది, మీరు అనలేదు గానీ. టెంపరేచర్ కంట్రోల్డ్ స్టేషన్ అని మాత్రమే రాస్తే అందరికంటే తక్కువ ధర వేసిన ఎల్-1 వాడు మనం ఇందాక చెప్పుకున్న నకలే తెచ్చి దింపుతాడు. అందుకని వాట్లు, బిట్ రకం, ఎర్త్ నుంచి బిట్ దాకా రెసిస్టెన్స్, విడి బిట్లు ఎన్ని అన్నీ స్పెసిఫికేషన్‌లో రాస్తున్నాను. వచ్చినవాటిని తీసుకునే రోజు మీరొచ్చి మీటర్ పెట్టి చూడాలి.

మెకానిక్: వస్తాను. ఆరే కొంటారన్నమాట.

లెక్చరర్: ఆరే. ఐదుగురికి ఒకటైనా సరే, బ్యాచ్‌ని రెండుగా చేసి సాయంత్రాలు కూడా ల్యాబ్ తెరుస్తాను.

మెకానిక్: మీరు తెరుస్తారని నమ్ముతాను. నాకైతే 30 మంది చేతుల్లో 30 ఐరన్లు ఒకేసారి కాలుతుండాలనే ఉంది, అందులో మాత్రం నా మాట మారదు. ఒక్కటి మాత్రం వినండి. ఆరు కొన్నా, 30 కొన్నా, డబ్బులో కొంత విడిగా తీసి మంచి కంపెనీ 63/37 లెడ్డు కొనండి, మధ్యలో రోజిన్ ఉన్నది. రేకులకీ పైపులకీ వాడే యాసిడ్ పేస్టు ఆ గదిలోకి రానివ్వకండి, ట్రాక్‌లు తినేస్తుంది. పొగ పిల్లల ముక్కుల్లోకి పోకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ఆ పొగ సీసానిది కాదు, రోజిన్‌ది, అయినా ఆస్తమా తెప్పిస్తుంది. సీసం పోయేది చేతులనుంచి నోట్లోకి, కాబట్టి సబ్బూ నీళ్ళూ ల్యాబ్ గుమ్మంలోనే ఉండాలి. వీటన్నిటికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ టేబుళ్ళ సాకెట్లలో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటే నీళ్ళు పోయించండి. దానికి ఇండెంట్ అక్కర్లేదు, రేపే చెయ్యొచ్చు.